మైనస్ పది

శ్రావణ బహుళ నవమి, గురువారం. కొత్తపేట, రామలింగం మాస్టారి ఇల్లు. ఆయన పెద్దకర్మ. బంధువులు భోజనాలు చేసి వెళ్ళాక మిగిలినవారు: మాస్టారి కూతురు వరలక్ష్మి, నాతో చదువుకున్న సూరిబాబు, నేను.

ఆ రోజు డైరీలో ఇంతే రాసుకున్నాను. జల్లుకు తడిసిన తాటాకు చాపలను వరలక్ష్మి అరుగు మీద ఆరేస్తుంటే, ఆ పచ్చి వాసన నన్ను పదో తరగతి గదిలోకి తీసుకుపోయింది.

మాస్టారు వర్గ సమీకరణాలకు ముందే సూత్రం ఇచ్చేవారు కాదు. గది మధ్య ఒక చదరపు చాప పరిచేవారు. దాని భుజం ఎంతో తెలియదు, ఎక్స్ అనుకోమనేవారు. అంతే పొడవు, జానెడు వెడల్పు ఉన్న పట్టీలు ఆరు తెచ్చి, మూడు చాప పక్కన, మూడు కింది అంచున పేర్చేవారు. జానల లెక్కలో మొత్తం వైశాల్యం నలభై. పెద్ద చదరం కావడానికి ఒక్క మూల ఖాళీ. మూడు మూళ్ళు తొమ్మిది. "ఇటు తొమ్మిది కలిపితే అటూ కలపాలి," అనేవారు. నలభై తొమ్మిది అయింది, భుజం ఏడు. మూడు తీసేస్తే ఎక్స్ నాలుగు.

నేను నాలుగు రాసి పెన్ను దించాను.

"మైనస్ ఏడుని వర్గం చేసినా నలభై తొమ్మిదే కదరా. మైనస్ పదేది?"

"చాప పొడవు మైనస్ పది ఉండదు కదండీ."

"ఆయ్, ఉండదు. ముందు రాయి. రాసేక, ఎందుకు పనికిరాదో చెప్పి కొట్టెయ్యి. నచ్చలేదని రాయకుండా వదిలేస్తే అది లెక్క కాదు."

నేను మావయ్య ఇంట్లో ఉండి చదువుకునేవాణ్ణి. ఒక సాయంత్రం ఆయన నన్ను పిలిచి కాగితం ఇచ్చాడు. "పరీక్షలు నెత్తిమీదకొస్తుంటే మీ మాస్టారు చాపలేసుకుని కూర్చున్నాడేంట్రా? నీ రాత బాగుంటది. నే చెప్తాను, రాయి." పై అధికారులకు ఫిర్యాదు అది. పిల్లల చేత చాపలు మోయిస్తున్నారని కూడా రాయించాడు. సంతకం లేదు. ఆ రోజు నా డైరీలో "సాయంత్రం వాన" అని మాత్రమే ఉంది.

మాస్టారిని మన్యానికి బదిలీ చేశారు. హెడ్మాస్టరు ఆయనను పిలిచి ఉత్తరం చూపించారని తర్వాత తెలిసింది. వెళ్ళేరోజు మా నోటు పుస్తకాలు దిద్ది ఇచ్చారు. నా పుస్తకంలో ఎర్ర సిరాతో, "రెండో జవాబు కూడా రాయాలి" అని ఉంది. ఆ పేజీలో ఉన్నది త్రిభుజం లెక్క. దానికి రెండో జవాబు లేదు.

ఆ గురువారం సూరిబాబు నవ్వుతూ, "మాస్టారి చాపల మీద నిద్రపోయి తన్నులు తిన్నోణ్ణి నేనొక్కణ్ణేనమ్మా," అన్నాడు.

వరలక్ష్మి కూడా నవ్వింది. తర్వాత, "ఆ చాపలే మా కొంప ముంచేయి అన్నయ్యగారూ," అంది. "ఎవడో ఆకాశరామన్న ఉత్తరం రాసేడు, నాన్నగారిని కొండల్లోకి పంపేసేరు. అమ్మకి జ్వరమొచ్చినప్పుడు వరదకి రేవు దాటించే పంటు ఆగిపోయిందండి. గోదారికి అటొడ్డున మూడ్రోజులు ఉండిపోయేరాయన. దాటి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ రాసినోడి మొహం ఒక్కసారి చూడాలని ఉంటదండి."

"పోన్లెండమ్మా, ఎప్పటి మాటో," అన్నాడు సూరిబాబు. నేను చాప అంచు సరిచేశాను.

మర్నాడు ఉదయం నేనుండే అమలాపురంలో మళ్ళీ కొత్తపేట బస్సెక్కాను. వరలక్ష్మి అరుగు మీద చాపలు చుడుతోంది.

"ఆ ఉత్తరం రాసింది నేనేనమ్మా," అన్నాను. మావయ్య పేరు చెప్పలేదు.

ఆమె చేతులు ఆగాయి. "నాన్నగారికి తెలుసాండి?"

"తెలుసమ్మా. నా రాత రోజూ దిద్దేవారు కదా."

"మాకెప్పుడూ చెప్పలేదు."

నా మొహం వైపు చూసింది. తర్వాత మిగిలిన చాపలు చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నన్ను కూర్చోమనలేదు.

తిరుగు బస్సులో డైరీ తీసి అంతా రాశాను. కొట్టెయ్యడానికి కారణం ఒక్కటీ దొరకలేదు.