తవుడుకి కొన్న పిల్ల

ఆ ఇంగ్లండు అమ్మాయి మా ఆస్పత్రికి వచ్చిన రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. డాక్టరమ్మగారు నన్ను పిలిచి, "ఈ అమ్మాయి అక్కడ డాక్టరు చదువుతోంది. చదువులో భాగంగా కొన్నాళ్ళు పరాయి దేశపు ఆస్పత్రిలో ఉండి నేర్చుకోవాలట. వానలు పడేదాకా మన దగ్గరే ఉంటుంది. నీ గదిలో ఇంకో మంచం వేయించు" అన్నారు. అప్పటికి నా నర్సు ట్రైనింగు పూర్తయి ఏడాదైనా కాలేదు. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి వెనక ఇరుకు వాటాలో ఇంటినిండా జనం మధ్య పెరిగినదాన్ని. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకంటూ ఒక గది దొరికింది కదా అనుకుంటే, అందులోకి ఈవిడొకతె!

డెబ్బైల మధ్యలో మాట ఇది. మాది ఉయ్యూరు దగ్గర, కాలవ గట్టున, చెరుకు తోటల మధ్య ఉన్న చిన్న మిషన్ ఆస్పత్రి. పొద్దున్నే ప్రార్థన, ఆ తర్వాత వార్డు. ఆ అమ్మాయి మాతోపాటే లేచేది. మా చీరలు చూసి ముచ్చటపడి ఒకటి కట్టుకుంది గానీ మెట్లు దిగుతూ కుచ్చిళ్ళు తొక్కి పడబోయింది. ఆవకాయ తిని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఇంకాస్త వేయమంది. రెండు వారాలు గడిచేసరికి నా కోపం ఎటుపోయిందో నాకే తెలియదు.

పాపం, ఆమె బాధ ఆమెది. ఏదో చేసేద్దామని సముద్రాలు దాటి వచ్చింది. ఇక్కడ డాక్టరమ్మగారేమో, "ముందు చూడమ్మా, తొందరేముంది" అంటారు. చేతికి పని లేదు, నోటికి భాష లేదు. కట్లు కట్టే గాజుగుడ్డలు మడత పెట్టడం, పిల్లల్ని తూకం వేయడం, అంతే. ఒక సాయంత్రం గట్టు మీద కూచుని, "సిస్టర్, నేను వచ్చింది ఎవరికి పనికొచ్చింది చెప్పు?" అంది ఇంగ్లీషులో. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. చెరుకు ముక్క విరిచి ఆమె చేతిలో పెట్టాను.

ఆ రోజుల్లోనే పక్క ఊరి నుంచి ఒకామె పురిటికి వచ్చింది. కౌలుకి పొలం చేసుకునే వాళ్ళు. వెంట అత్తగారు వచ్చింది, నిలువెత్తు మనిషి, నోరు పెట్టిందంటే వార్డంతా వినపడుతుంది. కోడలికి అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి, బోర్లా పడకుండానే పోయారు. ఇప్పుడు మూడో కాన్పు, ఆడపిల్ల. పిల్ల బక్కగా ఉన్నా గొంతు మాత్రం నాయనమ్మదే. అందరం నవ్వాం. తల్లి నవ్వలేదు.

ఆమె పాలిచ్చేటప్పుడు చూశాను. పిల్లని కొంగు కింద దాచేసి, మొహం గోడవైపు తిప్పుకునేది. పిల్ల పాలు తాగినంతసేపూ ఆ వెల్ల వేసిన గోడనే చూస్తూ కూచునేది. నాకు చిర్రెత్తింది. "ఏమ్మా, నవమాసాలు మోసి కన్నావు, ఆ మొహం ఒక్కసారి చూస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాను. ఆమె నావైపు తిరగకుండానే, "చూస్తే నాదనిపిద్దండీ. నాదైతే ఉండదు" అంది. ఆ మాట గదికి వచ్చి ఇంగ్లండు అమ్మాయికి చెప్పుకుని ఏడ్చాను.

ఇంటికి పంపే రోజు వచ్చింది. అత్తగారు మా ఆయాతో ముందే మాట్లాడుకుంది. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్ళలో మావైపు ఒక పద్ధతుంది. పసిబిడ్డని చేటలో పెట్టి పెంట మీద వదిలేస్తారు. బయటి మనిషెవరైనా ఎత్తుకుని, తల్లికి గుప్పెడు తవుడిచ్చి కొనుక్కున్నట్టు కొనుక్కుంటారు. ఆ రోజు నుంచి బిడ్డ వాళ్ళది. తల్లి పాలిచ్చి పెంచే దాది మాత్రమే. మృత్యువు ఆ తల్లి గడపలోకి వచ్చి వెతికినా, ఈమెకి పిల్లలెవరూ లేరని వెళ్ళిపోవాలన్నమాట. మా నాయనమ్మని కూడా చిన్నప్పుడు ఇట్లాగే పెంట మీద వేసి తీశారట. మావాళ్ళు చర్చికి వెళ్ళడం ఆ తర్వాత మాట. అందుకే నేను చూసీ చూడనట్టున్నాను. డాక్టరమ్మగారు కూడా ఆ వేళ కిటికీ రెక్క దగ్గరగా వేసుకుని లోపల ఏదో రాసుకుంటున్నారు.

అత్తగారు చేటలో తవుడు పరిచి, పైన పాతగుడ్డ వేసి, పిల్లని పడుకోబెట్టి, ఆస్పత్రి వెనక చెత్త పోసే చోట ఒక వారగా పెట్టి వచ్చింది. పిల్లని ఎత్తుకోవాల్సిన ఆయా చేతులు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే మా ఇంగ్లండు అమ్మాయి ఆ పక్కనుంచి వస్తోంది. చెత్తకుప్ప మీద పసిపిల్ల! ఒక్క కేక పెట్టింది చూడండి, కొబ్బరిచెట్టు మీద కాకులన్నీ లేచిపోయాయి. పరుగున వెళ్ళి పిల్లని గుండెలకి హత్తుకుని, మొహం ఎర్రగా చేసుకుని, తన భాషలో అందర్నీ తిట్టడం మొదలుపెట్టింది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి ఆయా చెంబు పట్టుకుని కొయ్యబారి నిలబడి ఉంది.

"ఓరి నాయనో, దొరసానమ్మ ఎత్తుకుంది!" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. ఇప్పుడేం గొడవవుతుందోనని చూస్తుంటే, ఆవిడ మొహం నెమ్మదిగా వెలిగింది. "మంచిదేలే నర్సమ్మా! ఆయా ఇల్లయితే యముడికి తెలిసిందే. ఈ దొరసాని ఇల్లు యాడుందో ఆడికెట్టా తెలుసుద్ది? సముద్రం దాటాలిగా!" అంది. ఎత్తుకున్నవాళ్ళదే బిడ్డ. ఇక మార్చడానికి లేదట.

ఆ అమ్మాయికి చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. 'అమ్మడం' అనగానే, "పిల్లని కొనడమేమిటి, నేను చచ్చినా కొనను" అని మొండికేసింది. పోయిన ఇద్దరి సంగతీ, తల్లి గోడవైపు చూడటమూ మళ్ళీ గుర్తుచేశాను. అప్పుడు మెత్తబడింది. చాలాసేపు పిల్ల మొహం చూసింది. చేటలోంచి గుప్పెడు తవుడు తీసి, ఆయా చూపించినట్టు తల్లి కొంగులో పోసింది. ఆ తల్లి రెండు చేతులూ జోడించి, "మీ బిడ్డని పెంచుతానండీ" అంది.

ఆ తర్వాత తూకం వేయించడానికి వచ్చినప్పుడల్లా, "మీ అమ్మాయి బాగుందండీ", "మీ అమ్మాయి రాత్రి నిద్రపోనివ్వలేదండీ" అనేది ఆ తల్లి. మేము మా ఇంగ్లండు అమ్మాయిని ఆట పట్టించేవాళ్ళం. "ఏమ్మా తల్లీ, నీ కూతురొచ్చింది, పని మానేసి రా" అని వార్డులోంచి కేకేసేవాళ్ళం. ఆమె కూడా పరుగెత్తుకుంటూ వచ్చేది. తల్లి మాత్రం గోడవైపే తిరిగి పాలిచ్చేది.

రోహిణికార్తెలో ఒక మిట్టమధ్యాహ్నం, రాళ్ళు పగిలే ఎండలో, అత్తాకోడళ్ళు పిల్లని తడిగుడ్డలో చుట్టి తెచ్చారు. విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి, మాడు గుంటపడింది. పొద్దుటినుంచీ పాలూ నీళ్ళూ ఆపేసింది అత్తగారు. "లోపలికి పోస్తుంటే బయటికి పోక ఏమవుద్దమ్మా? కడుపు ఆరాలి" అంటుంది. డాక్టరమ్మగారు నచ్చజెప్పారు, కసురుకున్నారు. ఊహూఁ. "ముందు పుట్టినోళ్ళకి ఇట్టాగే పాలు పట్టి పట్టి పోగొట్టుకున్నాం" అని పిల్లని వదలదు. కోడలు ఒక మూల కూలబడి, "నేను ముట్టుకోను, నేను ముట్టుకోను" అని గొణుగుతోంది.

అప్పుడొచ్చింది మా అమ్మాయి. సంగతి నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె అత్తగారి ముందు నిలబడి, వచ్చీరాని తెలుగులో, "పిల్ల ఎవరిది?" అంది.

అత్తగారు తడబడింది. "మీదేనండీ."

"నాది. నేను కొన్నా. నేను చెప్తా. పాలు ఇవ్వాలి. నీళ్ళు ఇవ్వాలి."

ఆ పెద్దావిడ ఒక్క క్షణం మా అందరివైపూ చూసి, పిల్లని ఆమె చేతుల్లో పెట్టేసింది. "అంతేగా మరి. కొన్నామె మాట కాదనడానికి మనమెవరం?" అంది. కాచి చల్లార్చిన నీళ్ళలో పంచదార, ఉప్పు కలిపి డాక్టరమ్మగారే తెచ్చారు. మా అమ్మాయి ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోస్తుంటే నేను విసనకర్రతో విసురుతూ కూచున్నాను. మధ్యమధ్య తల్లిని పిలిచి పాలిప్పించాం. పొద్దువాలేసరికి పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు అంత హాయిగా ఎన్నడూ వినలేదు నేను. మా అమ్మాయి ఉగ్గుగిన్నె అట్లాగే పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. గట్టు మీద ఆమె అడిగిన ప్రశ్నకి నేను ఇక జవాబు వెతుక్కోనక్కర్లేదు.

తొలకరి పడింది. ఆమె వెళ్ళే రోజు దగ్గరపడింది. ఆ వారంలోనే పిల్ల బోర్లా పడింది. అత్తగారు బొబ్బట్లు చేసి ఆస్పత్రి మొత్తానికి పంచింది. "మీ అమ్మాయి బోర్లా పడిందండీ!" అంది తల్లి, కళ్ళు మెరుస్తుంటే. ముందున్న ఇద్దరూ అక్కడిదాకా రాలేదు కదా. అయినా ఆమె నోట ఇంకా 'మీ అమ్మాయే'! ఆ రాత్రి మా అమ్మాయి మంచం మీద పడుకుని, "నేను వెళ్ళిపోతే ఈ పిల్ల ఎవరిదవుతుంది, సిస్టర్?" అని అడిగింది నన్ను. "నీదే. ఎప్పటికీ నీదే ఉండాలంటున్నారు వాళ్ళు" అన్నాను. "అట్లయితే ఆ తల్లి ఎప్పటికీ చూడదా దాని మొహం?" అంది.

బస్సు దగ్గరికి అందరం వెళ్ళాం. ఉయ్యూరులో ఎక్కి బెజవాడ వెళ్ళి, అక్కణ్ణుంచి మద్రాసు రైలెక్కాలి. తల్లీ అత్తగారూ పిల్లని తీసుకుని ముందే వచ్చి టీ కొట్టు పక్కన నిలబడ్డారు. పిల్లకి కాటుక, కొత్త గౌను. "మీ అమ్మాయిని దీవించండమ్మా" అంది తల్లి.

మా అమ్మాయి పెట్టె కింద పెట్టింది. రెండు చేతులూ చాచింది. "నా పిల్ల కదా? సరే, ఇవ్వు. తీసుకెళ్తా" అంది. ఆట పట్టించిందో, గుండె ఆగక నిజంగానే అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మొహంలో నవ్వైతే లేదు.

తల్లి ఒక్క అడుగు వెనక్కి వేసింది. పిల్లని రెండు చేతులా గుండెకి అదుముకుని, "నా పిల్లని నేనివ్వను!" అని అరిచింది.

అన్నాక తెలిసింది ఏమన్నదో. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మొహాన నెత్తురు చుక్క లేదు. ఆకాశం విరిగి పడుతుందేమోనన్నట్టు నిలబడిపోయింది. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. పిల్ల ఆ చప్పుడుకి ఉలిక్కిపడి, వెంటనే నోట్లో వేలు పెట్టుకుని బస్సునే చూస్తోంది. ఏమీ కాలేదు.

మొదట కదిలింది అత్తగారే. "ఉండండి, ఉండండి, బస్సాపండి!" అని కేకలేస్తూ టీ కొట్టు వెనక కట్టేసిన గేదె దగ్గరికి పరుగెత్తింది. తొట్టి పక్కనున్న డబ్బాలోంచి గుప్పెడు తవుడు తెచ్చి కోడలి చేతిలో పోసింది. "ఇచ్చెయ్యవే. తవుడు దొరసానమ్మకిచ్చి నీ పిల్లని నువ్వు తెచ్చుకో" అంది. ఆ గొంతు వణకడం నేను అప్పుడే విన్నాను. తల్లి పోస్తుంటే సగం తవుడు నేల మీద పడింది. మిగిలింది మా అమ్మాయి చేతిరుమాలులో పట్టి ముడివేసుకుంది.

"ఎక్కండమ్మా, ఎక్కండి, వేళ దాటిపోయింది" అని కండక్టరు తొందరపెట్టాడు. నేను ఆమెని కావలించుకుని బస్సెక్కించాను. కిటికీలోంచి తల బయటపెట్టి చెయ్యి ఊపింది. నేనూ ఆయా ఊపాం. అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ ఊపింది. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి ఊగుతూనే ఉంది.

తల్లి మాత్రం బస్సువైపు చూడలేదు. టీ కొట్టు బల్ల మీద కూచుని, పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, దాని మొహంలోకే చూస్తోంది.