గండి సామికి సుబ్బరత్నమ్మ మొక్కు

సుబ్బరత్నమ్మకు ఇద్దరు కొడుకులు. ఇద్దరినీ ఆమె రెండేసి మార్లు ఎత్తుకుని పెంచింది. నడక రాకముందు ఒకసారి, వచ్చిన నడక పోయాక ఒకసారి.

వాళ్లది లింగాల. బత్తాయి కాసే చీనీతోట ఉంది, కష్టపడే మొగుడున్నాడు. పెద్దవాడు శివ బడినుంచి వస్తూ వస్తూ ఊరికే పడిపోవడంతో మొదలైంది అంతా. పడితే చప్పున లేచేవాడు కాదు. మోకాళ్లు పట్టుకుని, తొడలు పట్టుకుని, చెట్టెక్కినట్టు తన ఒంటిమీద తానే ఎక్కి నిలబడేవాడు. సోంబేరితనం అనుకుని తండ్రి నారాయణ రెండు దెబ్బలు కూడా వేశాడు. ఆ దెబ్బల మాట ఆ ఇంట్లో తర్వాత ఎవరూ ఎత్తలేదు.

జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరమ్మ పిల్లవాణ్ణి నడిపించి చూసి, వేలూరు పెద్దాసుపత్రికి రాసిచ్చింది. అక్కడ పిక్కలోంచి చిన్న కండముక్క కోసి పరీక్ష చేశారు. కండలు కరిగిపోయే జబ్బన్నారు. మందు లేదన్నారు. మగపిల్లలకే వస్తుంది, తల్లి వైపునుంచి వస్తుంది అన్నారు. ఆ చివరి మాట వీళ్లకంటే ముందే ఊరు చేరింది.

"మా ఇంట్లో యా తరంలోనూ ఇట్లాంటోళ్లు ల్యారు. ఈమె కడుపులో తెచ్చింది" అని అత్తగారు వాకిట్లో నిలబడి నలుగురు వినేట్టు అనింది. అప్పటికి చిన్నవాడు మహీధర్ ఇంకా పాలు తాగుతున్నాడు. సుబ్బరత్నమ్మ వాడి కాళ్ల వైపు చూసి, కొంగు కప్పేసింది.

ఆ శ్రావణమాసంలోనే ఆమె గండికి పోయింది. పాపఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోట వెలసిన ఆంజనేయస్వామి అంటే ఆ పక్క ఊళ్లన్నిటికీ గురి. రాముడు బాణం ములికితో బండమీద గీసిన రూపమనీ, చిటికెనవేలు ఒక్కటి గీయకుండా మిగిలిపోయిందనీ, తర్వాత ఎవరో దాన్ని సరిచేద్దామని ఉలి పెడితే రక్తం కారిందనీ చెప్పుకుంటారు.

"సామీ, నా బిడ్డ తన కాళ్లతో నీ గుడి చుట్టూ తిరిగేదాకా శ్రావణ శనివారం తప్పకుండా తీసుకొస్తా" అని మొక్కుకుంది సుబ్బరత్నమ్మ. తిరగలేకపోతే ఏం చేయాలన్నది ఆమె అనుకోలేదు. ఏ తల్లి అనుకుంటుంది?

ఏటేటా తీసుకుపోయింది. మొదట చెయ్యి పట్టుకుని, తర్వాత చంకనేసుకుని, చివరికి వీపున వేసుకుని. శివకు మీసకట్టు వచ్చే వయసులో రొమ్ముకు జలుబు పట్టింది. దగ్గి కఫం తీసే బలం కూడా లేకపోయింది పిల్లవాడికి. శ్రావణం ఇంకా రాకముందే పోయాడు.

నారాయణ ఇంట్లో ఉన్న దేవుడి పటాలన్నీ గోనెసంచిలో కట్టి అటకమీద పడేశాడు. ఆయన తోటకు పోయాక ఆమె ఆంజనేయుడి పటం ఒక్కటి దించి, వంటింట్లో ఉప్పుజాడీ వెనక పెట్టుకుంది. ఎందుకంటే అప్పటికి మహీధర్ కూడా తన ఒంటిమీద తానే ఎక్కి లేవడం మొదలుపెట్టాడు. మొక్కు తప్పితే వీడు కూడా దక్కడన్న భయం ఆమెను పట్టుకుంది. ఆ శ్రావణంనుంచి వీణ్ణి గండికి తీసుకుపోసాగింది.

మహీధర్‌కు పద్నాలుగేళ్లు వచ్చిన ఏడు, చివరి శ్రావణ శనివారం. పులివెందులనుంచి దావూద్ ఆటో తెచ్చి వాకిట్లో ఆపాడు. ఎన్నో ఏళ్లుగా వీళ్లను గండికి తిప్పేది అతనే. నారాయణ గడపలో అడ్డంగా కూచున్నాడు.

"యాడికి? వాడికి ఊపిరి ఆడల్యా, నీ కండ్లకు కనపడల్యా? పెద్దోణ్ణి మోసి మోసి ఏం తెచ్చినావు ఆడ్నుంచి?"

"తెచ్చేదానికి పోల్యా. మాటిచ్చినా, పోతాండా."

"మాట! ఆయప్ప నిలబెట్టుకున్యాడా మాట?"

"ఆయప్ప నాకు మాటియ్యల్యా. నేనే ఇచ్చినా."

లోపలినుంచి మహీధర్ అన్నాడు: "నేను రాను మా."

సుబ్బరత్నమ్మ లోపలికి తిరిగింది. "అట్లనాకు నాయనా."

"నన్ను ఎత్తుకుని తిరగతాంటే అందరూ నన్నే చూస్తాండారు. నీకు సిగ్గు ల్యాకపోయినా నాకుండాది."

"నేనెత్తుకుంటాలే అల్లుడూ" అన్నాడు దావూద్.

"నీ కడుపు అడ్డమొస్తాది మామా, జారిపోతా."

"అయితే ఆటోలోనే గుడి చుట్టూ తిప్పుతా. హారన్ కొట్టినానంటే సామి గూడా పక్కకు జరగతాడు."

మహీధర్ నవ్వాడు. నవ్వితే ఆయాసం వచ్చింది. అది తగ్గేదాకా అందరూ ఆగారు. తర్వాత వాడే అన్నాడు: "మా, ఆడ తడిగుడ్డల్తో పొర్లుదండాలు పెడతాంటారు గదా. నేను పొర్లుతా. పండుకున్యాక అందరూ నా మాదిరే. ఎవురూ చూడరు."

"మొక్కు కాళ్లతో గదా నాయనా."

"కాళ్లు నాతోనే వస్తాయి గదా మా. యాడికి పోతాయి?"

నారాయణ తల వంచుకుని పక్కకు జరిగాడు.

గండిలో దావూద్ టోపీ జేబులో పెట్టుకుని, పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చి గుడి పక్కన పడుకోబెట్టాడు. సుబ్బరత్నమ్మ బిందెడు నీళ్లు పోసింది. చేతులు విడిపోకుండా తువ్వాలుతో కలిపి కట్టింది. మోకాళ్లమీద కూచుని భుజం ఒకసారి, నడుము ఒకసారి నెట్టింది. మహీధర్ పొర్లాడు. ముందర జనం, వెనక జనం, అందరూ అదే తడి నేలమీద, అదే బురదలో.

ఒక మలుపు దగ్గర వాడు ఆగితే వెనకొచ్చే లావుపాటి మనిషి కసిరాడు: "ఏయ్ పిల్లోడా, ముందుకు పో! యాడబడితే ఆడ నిలబడతావేంది?"

మహీధర్ ముఖం విచ్చుకుంది. "ఇన్యావా మా? నన్ను తిట్టినాడు! ఆయప్పకు తెలీనే తెలీదు!"

గుడి వెనక్కు వచ్చేసరికి వాడి పెదవులు నీలంగా మారాయి. "ఆపు మా" అన్నాడు. వెల్లకిలా పడుకుని చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"ఈ సామిని గూడా సగం చేసి యెల్లిపోయినారు గదా మా."

"ఊ."

"సరిచేస్తామని పోతే రక్తమొచ్చినాది. నాకు పిక్కలో కోసినప్పుడు శానా నొప్పి మా. ఇంక నన్ను సరిచెయ్యమని అడగాకు."

ఆమె తువ్వాలు ముడి విప్పింది. దావూద్ పరుగున వచ్చి వాణ్ణి ఎత్తుకున్నాడు. ప్రదక్షిణం సగంలో ఆగిపోయింది.

ఆ చలికాలం మహీధర్ దాటలేదు. పులివెందుల ఆసుపత్రిలో, తల్లి చేతుల్లోనే పోయాడు. నారాయణ ఈసారి పటం జోలికి పోలేదు. ఉప్పుజాడీ వెనక అది అట్లే ఉంది. సుబ్బరత్నమ్మ కొన్నాళ్లు దానికి దీపం పెట్టలేదు. పెట్టనూ లేదు, తీసెయ్యనూ లేదు. ఎత్తుకునే బరువు లేక చేతులు ఊరికే ఉండేవి. తోటలో కాయల గంప దించిన తర్వాత కూడా ఆమె నడుము వంగే ఉండేది.

మళ్లీ శ్రావణం వచ్చింది. "ఇద్దరూ పోయినాక ఇంకెవురి మొక్కే?" అన్నారు చుట్టాలు. ఆమె దావూద్‌కు కబురు పెట్టింది. నారాయణ రాలేదు. తడిసినాక విడుపుకు ఒక పొడి చీర కవరులో చుట్టి, ఆటో సీటుమీద పెట్టి తోటకు పోయాడు.

గుడి దగ్గర నీళ్లు పోసుకుంటుంటే పక్కనున్న ఆడమనిషి అడిగింది: "ఏం కోరుకున్యావు మా?"

"ఏమీ కోరల్యా."

"మరి ఎందుకు పొర్లేది?"

"సగం మిగిలిండాది."

తడిచీరతో నేరుగా గుడి వెనక్కు పోయి, మహీధర్ ఆగిన చోట పడుకుంది. చాలాసేపు కదల్లేదు. వెనకనుంచి ఎవరో కసిరారు: "ముందుకు పో మా, యాడబడితే ఆడ నిలబడాకు!"

సుబ్బరత్నమ్మ చేతులు జోడించుకుని, పక్కకు ఒత్తిగిలి, పొర్లింది.