బ్యాండుకు దొరికిన నా పరధ్యానం

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, కాలేజీవాళ్లు పిల్లల నుదుటికి ఒక బ్యాండు తగిలించారు. చదువు మీద ధ్యాస ఎంతుందో మెదడు తరంగాలను బట్టి కొలుస్తుందట. ఇంట్లో చదివేటప్పుడూ పెట్టుకోవాలి. అంకెలు నేరుగా కాలేజీకి వెళ్తాయి. అడ్మిషన్ రోజు ఇచ్చిన కాగితాల్లో దీనికి అనుమతి పత్రం కూడా ఉంది. గుణదల నుంచి ఎండన పడి వెళ్లిన నేను, ఒక్కటీ చదవకుండా అన్నిటి మీదా సంతకాలు గీకేశాను.

ఒక సాయంత్రం పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు బ్యాండు బల్ల మీద కనిపించింది. నాకు సరదా పుట్టింది. తలకు తగిలించుకుని జపమాల చెప్పుకోవడానికి కూర్చున్నాను. సగం పూసలు దాటేసరికి నా బుర్ర పొయ్యి మీది పప్పు దగ్గరికీ, తోడికోడలు అన్న మాట దగ్గరికీ తిరుగుతోంది.

రెండు రోజుల తర్వాత పిల్ల ఏడుస్తూ వచ్చింది.

"అమ్మా, నన్ను కింది సెక్షన్‌కి మార్చేస్తారంట. మొన్న సాయంత్రం నా ధ్యాస అసలు లేదంట."

మర్నాడే వెళ్లి ప్రిన్సిపాల్ గారి ముందు కూర్చున్నాను.

"ఆ సాయంత్రం అది పెట్టుకుంది నేనండీ. ఆ బుర్ర మా అమ్మాయిది కాదు, నాది."

"మీరా? ఏం చేస్తూ పెట్టుకున్నారు మేడమ్?"

"ప్రార్థన చేసుకుంటున్నానండీ."

ఆయన స్క్రీన్ మీది అంకె చూశారు, నన్ను చూశారు. నవ్వు ఆపుకుంటున్నారని తెలిసిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెంటనే ఒళ్లు మండింది. ప్రార్థనలో నా మనసెక్కడ తిరిగిందో దేవుడికి చెప్పుకుంటాను, ఈయనకెందుకు? నా పిల్ల రోజూ ఇలాగే కదా వీళ్లకు దొరికిపోతోంది, అదీ నా సంతకంతో!

"పద్దెనిమిదేళ్లు నిండని పిల్లకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇది పెట్టకూడదు కదండీ. నేనిచ్చిన అనుమతి వెనక్కి తీసుకుంటున్నాను. మా అమ్మాయి రీడింగులన్నీ తీసేసి, తీసేశామని రాసివ్వండి."

"మిగతా పేరెంట్స్ అందరూ ఒప్పుకున్నారు కదా మేడమ్."

"వాళ్లూ నాలాగే చదవకుండా పెట్టుంటారండీ సంతకం."

అర్జీ అక్కడే రాసిచ్చాను. వారం రోజులు అన్నం సయించలేదు. ఆ తర్వాత కాగితం వచ్చింది. బ్యాండు అక్కర్లేదు, రీడింగులు తీసేశారు, సెక్షన్ మారదు.

ఆ సాయంత్రం పిల్ల పుస్తకం ముందు కూర్చుని, కిటికీలోంచి చూస్తూ తనలో తనే నవ్వుకుంటోంది.

"ఏంటే, ఏమాలోచిస్తున్నావ్?" అన్నాను.

"నేను చెప్పనుగా!"

ఇంకొకప్పుడైతే నెత్తిన ఒక మొట్టికాయ వేసేదాన్ని. ఆ రోజు ఆ మాట వినడానికి ఎంత హాయిగా ఉందో!