అల్లుడుగారు వెతికిన లీకు

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ అతను అల్లుడుగారే. పంతొమ్మిదేళ్ళ కిందట మామగారి కార్ల షెడ్డుకి ఇల్లరికం వచ్చాడు. అప్పుడు అంటుకున్న పిలుపు ఇప్పటికీ ఊడలేదు. లారీ డ్రైవర్లు "అల్లుడుగారూ, బ్రేకు కాస్త చూడండి" అంటారు. పక్కనున్న వెల్డింగు కొట్టాయన వయసులో పదేళ్ళు పెద్ద, ఆయనా అంతే. జుట్టు నెరిసింది, కూతురు చదువుకి హాస్టల్లో చేరింది, అయినా అతను ఇంకా కొత్త పెళ్ళికొడుకే. వినేవాళ్ళకి నవ్వొస్తుంది గానీ, రోజూ పలకాల్సినవాడికి అది నవ్వులాట కాదు.

కింద షెడ్డు, పైన మూడు గదుల ఇల్లు, మధ్యలో ఇనుప మెట్లు. ఆ మెట్ల పక్కన మామగారి కుర్చీ. కుర్చీలోంచి ఆయనకి షెడ్డంతా కనిపిస్తుంది, ఇంట్లోకి వెళ్ళేవాళ్ళూ కనిపిస్తారు, అల్లుడు ఏ సైజు పానా తీశాడో కూడా కనిపిస్తుంది. "పన్నెండుది కాదయ్యా, పదమూడు!" అని అక్కడి నుంచే కేక. అల్లుడు పనిమంతుడు కాకపోతే సరే అనుకోవచ్చు. ఎక్కడ ఏది కారుతోందో పట్టడంలో అతని తర్వాతే ఎవరైనా. అయినా సరే, బండి బాగైతే షెడ్డుకి మంచిపేరు, బాగవకపోతే అల్లుడికి చెడ్డపేరు. షెడ్డు ముందున్న సామాన్ల కౌంటరు మాత్రం భార్యది. ఏ బండికి ఏ బేరింగు సరిపోతుందో పుస్తకం తెరవకుండా చెప్పేస్తుంది. పక్క షెడ్ల మేస్త్రీలు కూడా "అమ్మగారిని అడిగి రండి" అని మనుషుల్ని పంపిస్తుంటారు.

అలాంటివాడికి నలభై నాలుగో ఏట వేరే ఊళ్ళో బస్సు డిపోలో మెకానిక్ ఉద్యోగం వచ్చింది. భార్యకి తప్ప ఎవరికీ చెప్పకుండా రాసిన పరీక్ష. నలభై అయిదు దాటితే తీసుకోరు కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. రెండు వారాల తర్వాత సోమవారం పొద్దున్న పదింటికల్లా చేరాలి, చేరకపోతే జాబితాలో తర్వాతివాడికి ఇచ్చేస్తామని కాగితంలో స్పష్టంగా ఉంది. ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాడు. చెమటకి దాని మడతలు మెత్తబడిపోయాయి. భార్య "మీ ఇష్టమే నా ఇష్టం" అంది. ఆ మాటతో సగం బరువు దిగింది. మిగతా సగం మామగారు.

ఆయన కాగితం చదివాడు, మడిచాడు, తిరిగిచ్చాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"వెళ్ళు అల్లుడూ, ఎవరొద్దన్నారు? ఒక్క పని చేసిపెట్టి వెళ్ళు. నా కారులో రోజూ అరగ్లాసు నీళ్ళు మాయమవుతున్నాయి. కింద చూస్తే చుక్క పడదు. అవెటు పోతున్నాయో తేల్చి మరీ వెళ్ళు. లేదనుకో, రేపు ఈ వీధిలో ఏమంటారు? మామ కారే బాగుచెయ్యలేనివాడు డిపో బస్సులు బాగుచేస్తాడట అనరూ?"

"అదెంత పని మామయ్యా! రెండ్రోజుల్లో తేలుస్తాను," అన్నాడు అతను. నోరు జారాక గానీ తెలిసిరాలేదు, తన కాళ్ళకి తనే తాడు కట్టుకున్నానని.

నీళ్ళంటే వట్టి నీళ్ళు కావు, ఇంజను కాగిపోకుండా రేడియేటర్లో పోసే పచ్చటి కూలెంట్. సోమవారం కారుని వీధుల్లో బాగా తిప్పుకొచ్చి, రేడియేటర్‌కి ప్రెషర్ పంపు తగిలించి గాలి కొట్టాడు. ఎక్కడైనా చిల్లుంటే పంపు మీది ముల్లు దిగిపోవాలి. అది దిగలేదు. మంగళవారం గొట్టాల అతుకులన్నిటికీ పౌడరు చల్లాడు, తడి తగిలితే ముద్దకడుతుందని. ఇంజనంతా స్నానం చేయించిన పసిబిడ్డలా తెల్లగా కూచుంది తప్ప ఎక్కడా ముద్దకట్టలేదు. కింద పరిచిన పాత పేపర్లు పరిచినట్టే ఉన్నాయి. నీళ్ళు మాత్రం మళ్ళీ అరగ్లాసు తగ్గాయి. కుర్చీలోంచి మామగారు గొంతు సవరించుకున్నాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూచున్నప్పుడు అతనికి తట్టింది. ఇంతవరకూ వెతికిందంతా ఇంజను వేడిగా ఉన్నప్పుడే కదా! బుధవారం తెల్లవారగానే, చల్లబడి మొద్దులా ఉన్న ఇంజనుకి పంపు తగిలించాడు. ముల్లు కదిలీ కదలనట్టు కిందికి జరిగింది. పొడుగు పిడి ఉన్న చిన్న అద్దాన్ని ఇంజను వెనకాల సందులోకి పోనిచ్చి, టార్చి వేసి చూశాడు. చెయ్యి కూడా దూరని చోట వేలెడంత వంపు గొట్టం ఒకటి. రబ్బరు గట్టిపడింది. చలికి బిగుసుకుని, క్లిప్పు దగ్గర వెంట్రుకంత సందు వదులుతోంది. బండి వేడెక్కితే అదే రబ్బరు ఉబ్బి సందు మూసేస్తోంది. పడిన చుక్క గేరుబాక్సు అంచు మీద నిలిచి, బండి నడిచేసరికి ఆ వేడికే ఎండిపోతోంది. అంచు మీద పేరుకున్న ఉప్పులాంటి పచ్చటి పొక్కు చూసి అతను సంతోషం పట్టలేక ఇంజనుని ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు.

గొట్టం మార్చాడు, కొత్త క్లిప్పు బిగించాడు. గురువారం పొద్దున్న చూస్తే నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి. "ఇంకో రోజు చూడు," అన్నాడు మామగారు. చూడ్డానికేం భాగ్యం అనుకుని అతను ఆ సాయంత్రం అటక మీది పెట్టెలు దించాడు. భార్య బట్టలు మడతపెడుతూ కూచుంది.

శుక్రవారం పొద్దున్న నీళ్ళు మళ్ళీ అరగ్లాసు తక్కువున్నాయి.

అతను పంపు తగిలించి రెండు గంటల సేపు దాని ముందే కూచున్నాడు. ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. చిల్లు లేదు, నీళ్ళు లేవు. ఆ షెడ్డులో ఒక అలవాటుంది. ఏ బోల్టు బిగించినా దాని మీదుగా పసుపు రంగు గీత ఒకటి గీస్తారు. బోల్టు కదిలితే గీత విరుగుతుంది, ఎవరైనా ముట్టుకున్నారో లేదో తెలిసిపోతుంది. మనసొప్పకపోయినా, ఆ సాయంత్రం రేడియేటర్ మూత అంచున, పైకి కనిపించని చోట, వెంట్రుకంత గీత గీశాడు.

శనివారం పొద్దున్నకి ఆ గీత విరిగి ఉంది.

అతను కౌంటరు దగ్గరికి నిప్పులు తొక్కినట్టు వచ్చాడు. "చూశావా మీ నాన్న పని! నన్నిక్కడ కట్టిపడెయ్యడానికి కారులో నీళ్ళు తోడేస్తున్నాడు ముసలాయన!"

ఆమె చేతిలోని బేరింగు పెట్టె కింద పెట్టింది. "మెల్లిగా అనండి. మాత్రల సీసా మూత కూడా నేనే తీసివ్వాలి నాన్నకి. రేడియేటర్ మూత ఆ వేళ్ళకి తిరుగుతుందా?"

"మరి?"

"నేనే తీశాను. బ్యాటరీలకి నీళ్ళు పోసే రబ్బరు బుడ్డితో. నిన్నా, ఇవాళా. మీరు లేవకముందు."

"నువ్వా? మీ ఇష్టమే నా ఇష్టం అన్నావు కదే!"

"అన్నాను. పంతొమ్మిదేళ్ళు మీరిక్కడెలా ఉన్నారో చూసినదాన్ని, వద్దని ఏ నోటితో అనను? వద్దంటే మానేసేవారు, నాకు తెలుసు. కానీ మీరు లీకు పట్టారనగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదండీ. ఇక్కడ ఏ బోల్టు కావాలన్నా నన్నడుగుతారు. అక్కడ ఆ ఒంటిగది క్వార్టర్సులో నన్నెవరు ఏమడుగుతారు? పొద్దున్న మీకు క్యారేజీ కట్టిచ్చి సాయంత్రం దాకా గోడ చూస్తూ కూచోవాలి. మీరిక్కడ అల్లుడుగారు, నేనక్కడ మెకానిక్‌గారి భార్యని. అంతేగా?"

అతనికి తిట్టాలనుంది. తిట్టడానికి మాటలూ ఉన్నాయి. కానీ ఆమె చెప్పిన బాధ ఎలాంటిదో ఈ భూమ్మీద అతనికంటే బాగా ఎవరికి తెలుసు? తనకి ఊపిరాడాలంటే ఆమెకి ఆడకూడదు. ఇందులో ఎవరి మీదని కోప్పడాలి?

"నాన్నకి నేనే చెప్తాను," అందామె. "సోమవారం వెళ్దాం. నేనొస్తాను."

మెట్ల దగ్గర నుంచి కేక వినిపించింది. "ఏమయ్యా అల్లుడూ, దొరికిందా?"

దొరికిందని ఒక్క మాట అంటే చాలు, సోమవారం పదింటికి అతను డిపోలో ఉంటాడు, ఆమె గోడ ముందు ఉంటుంది. అతను కుర్చీ దగ్గరికి నడిచాడు.

"కారు లోపలి హీటర్లో కారుతోంది మామయ్యా. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. నాలుగు రోజులు పడుతుంది."

"మరి సోమవారమో?"

"తర్వాతివాడికి ఇస్తారు."

ముసలాయన మొహంలో సంతోషం పొంగుకొచ్చింది. దాచుకుందామని తల తిప్పుకున్నాడు గానీ అల్లుడు చూడనే చూశాడు.

అబద్ధమాడాక పని చెయ్యక తప్పదు, ఎదురుగా మామగారు ఉన్నాడు కదా. కారు తలుపు తెరిచి వెల్లకిలా పడుకుని, స్టీరింగు కిందికి తల దూర్చి, చెక్కుచెదరని డ్యాష్‌బోర్డుకి ఒక్కో స్క్రూ విప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి భార్య అవతలి తలుపు వైపు నుంచి వంగి టార్చి పట్టింది.

"వద్దండీ, లేవండి. నిజంగానే వస్తాను," అంది గొంతు తగ్గించి.

"వెలుతురు ఇటు పట్టు," అన్నాడు.

వెలుతురు ఇటు జరిగింది. అతను ఇంకో స్క్రూ విప్పాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కసారి కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. కన్నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. తుడుచుకుందామంటే ఆ ఇరుకులో చెయ్యి మొహం దాకా రాలేదు. కుర్చీలో కూచున్న మామగారికి మాత్రం తలుపు బయటికి చాచిన రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి. అల్లుడు పనిలో ఉన్నాడని ఆయన స్థిమితంగా వెనక్కి వాలాడు.