డ్రమ్ముల పని చేసే బాబా

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకు చదవడం, రాయడం వచ్చేది కాదు. చిన్నప్పుడు కొబ్బరి పీచు పనికి వెళ్లాను గాని బడికి వెళ్లలేదు. మస్కట్ నుంచి తిరిగి వచ్చాక, మా చర్చిలో స్త్రీల కోసం సాయంత్రాలు పెట్టిన తరగతిలో అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఈ సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

కరోనా సద్దుమణిగాక మస్కట్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రివారు నన్ను జనరల్ వార్డు నుంచి పక్షవాతం వార్డుకు మార్చారు. నా ఉద్యోగం పేరు వార్డు ఎయిడ్. పైన ఇన్‌ఛార్జి సిస్టర్, ఆమె కింద స్టాఫ్ నర్సులు, వాళ్ల కింద మేము. మందులు, ఫైలు మేం ముట్టుకోకూడదు. రోగిని పక్కకు తిప్పడం, నడుముకు బెల్టు కట్టి మంచం మీంచి కుర్చీలోకి దించడం, పడిపోయిన చెయ్యి వేలాడకుండా దిండు మీద ఉంచడం మా పని. ఆ చేతిని పట్టి లాగితే భుజం జారుతుంది. మొదటి రోజే నేర్పే సంగతి అది.

ఆ వార్డుకు ఒక బ్రిటిష్ పెద్దాయనను తెచ్చారు. సెలవులకని వచ్చి ఖురియాత్ సముద్రపు ఒడ్డున పడిపోయాడట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటా పోయింది. మిగిలింది ఒక్కటే, 'యెస్'. నీళ్లు కావాలా అంటే యెస్, వద్దా అన్నా యెస్. ఆయన పేరు రాయను. గల్ఫ్‌లో పెద్దవాళ్లను పిలిచినట్టే మేం బాబా అనేవాళ్లం. ఆయన భార్య రోజూ ఫోన్ చేసి సిస్టర్‌ని ఒకటే అడిగేది: ఈయన మళ్లీ పనిలోకి వెళ్లగలడా? పని ఆయన కోసమే ఆగి ఉందట.

ఏం పని అని నేను సిస్టర్‌ని అడిగాను. ఆమెది భీమవరం. ఫైలు చూసి, "డ్రమ్మర్ అని ఉంది మరియమ్మా" అంటూ హడావుడిగా వెళ్లిపోయింది. వార్డు తుడిచే రాజన్నది జగిత్యాల. మాప్ ఆపి నిలబడ్డాడు.

"డ్రమ్ములా? గీయన డ్రమ్ములు దొర్లిస్తడా అక్కా?"

"ఈ వయసులోనా? ఏ ఆయిల్ కంపెనీలోనో ఫోర్‌మెన్ అయ్యుంటాడయ్యా."

"చేతులు సూడు, ఎట్ల కాయలు గాసినయో. ఫోర్‌మెన్ గాదు, మనసొంటోడే."

గల్ఫ్‌లో మాకు డ్రమ్మంటే సైట్లో నీళ్లో ఆయిలో పోసే పీపా. అయినా రూఢి చేసుకుందామని రాజన్న మంచం దగ్గరికి వెళ్లి, పీపా దొర్లించినట్టు చేతులతో చూపించి, "బాబా, డ్రమ్? ఆయిల్ డ్రమ్?" అన్నాడు.

"యెస్" అన్నాడు బాబా.

ఫిజియోథెరపీలో ఒక పద్ధతి ఉంది. ఊరికే చెయ్యి ఎత్తమంటే రోగి ఎత్తడు. తన పనిలో వాడిన వస్తువు ముందు పెడితే ఒళ్లు గుర్తుపడుతుంది. వంట చేసే ఆమెకు గరిటె, దర్జీకి గుడ్డ. ఆ వస్తువు తేవడం ఎయిడ్ బాధ్యత. బాబాది పీపాలు దొర్లించే పని అని ఫిజియో అబ్బాయికి హిందీలో చెప్పాను. అయితే ఒకటి తెండి అన్నాడు. రాజన్న స్టోరు నుంచి ఖాళీ నీలం ప్లాస్టిక్ డ్రమ్ము దొర్లించుకొచ్చాడు. కడిగి, తుడిచి, బాబాను కుర్చీలో కూర్చోబెట్టి డ్రమ్మును ఎదురుగా నిలబెట్టాం. బాబా దాన్ని చూశాడు. నన్ను చూశాడు. కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాడు. పక్షవాతం రోగులు కారణం లేకుండా నవ్వుతారు, ఏడుస్తారు. అదే అనుకున్నాం.

అప్పుడే ఆయన స్నేహితుడు విమానం దిగి నేరుగా వార్డుకు వచ్చాడు. జుట్టు పిలక వేసుకున్న ముసలాయన. ఈ డ్రమ్మేమిటని సిస్టర్‌ని అడిగాడు. మేం తెచ్చిన కారణం ఆమె చెప్పింది. ఆయన ఫోన్ తీసి ఒక వీడియో మా ముందు పెట్టాడు.

చొక్కా లేకుండా, భుజాలు దాటిన జుట్టుతో, చెమటలు కారుతూ ఒక మనిషి తన చుట్టూ పేర్చిన వాయిద్యాలను కర్రలతో చావబాదుతూ, కుడి పాదంతో కింది పెద్ద డోలు మీటను నొక్కుతున్నాడు. ఎదురుగా కనుచూపు మేర జనం, గాల్లోకి ఎగురుతున్నారు. ఆ మనిషి మా బాబా. నేను జావ తాగించి గడ్డం తుడిచే బాబా. దాన్ని హార్డ్ రాక్ అంటారట. కుర్రతనం నుంచి ఆయనకు అదే పని, అదే బృందం.

"గిదేం కొట్టుడక్కా! చెవులు పగులుతున్నయ్" అన్నాడు రాజన్న.

మిగతాది సిస్టర్ మాకు తెలుగులో చెప్పింది. చలికాలంలో ఊరూరా చేయాల్సిన కచేరీలు ఆపుకుని బృందం కూర్చుంది. ఈయన వస్తాడా, ఇంకొకరిని పెట్టుకోవాలా అన్నది తేల్చుకోవడానికే ఆ బృందంలోనే ఉన్న ఈ స్నేహితుడు వచ్చాడు. అడగడానికి నోరు రావడం లేదట.

ఈలోగా బాబా ఎడమ చేత్తో డ్రమ్ము అంచు మీద తట్టాడు. కాసేపు ఆగి మళ్లీ తట్టాడు. అది దరువైంది. రాజన్న నా మోచెయ్యి గిల్లి, "కాలు సూడక్కా" అన్నాడు. వచ్చినప్పటి నుంచి కదలని కుడి పాదం, మడమ నేలకు ఆన్చి మునివేళ్లతో దరువుకు తగ్గట్టు నొక్కుతోంది. దాన్ని ఎవరూ కదపమనలేదు. సిస్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేం ఆగుతాం, ఎన్నాళ్లయినా ఆగుతాం అని స్నేహితుడు అరిచినంత పని చేశాడు.

బాబా దరువు ఆపాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆ చేతిని డ్రమ్ము మీదకు ఎత్తి వదిలేశాడు. అది మాంసం ముద్దలా పడింది. అలా పడనివ్వకూడదు కాబట్టి పట్టుకోబోయాను. ఆయన తల అడ్డంగా ఊపి నన్ను ఆపాడు. స్నేహితుడి ముఖంలోకి చూస్తూ మళ్లీ ఎత్తాడు, మళ్లీ వదిలాడు. అప్పుడు "నో" అన్నాడు.

ఆ మాట ఆయన నోట అంతకుముందు మేమెవరమూ వినలేదు. ఇంకొకరిని పెట్టుకోమంటావా అని స్నేహితుడు మెల్లగా అడిగాడు. "యెస్" అన్నాడు బాబా. ఆ యెస్‌ను నమ్మలేక సిస్టర్ తిప్పి అడిగింది, వాళ్లు మీ కోసం ఆగాలా అని.

"నో."

ఆసుపత్రిలో చావులు చూశాను. బతికున్న మనిషి తన పనిని తానే తీసి ఇంకొకరికి ఇచ్చేయడం చూడలేదు.

దీనివల్ల నేను నేర్చుకున్నది ఇది. రోగి పని పేరు తెలిస్తే చాలదు, ఆ పనిలో ఒళ్లు ఎలా కదిలేదో అడగాలి. ఒకసారి అవునంటే సరిపోదు, తిప్పి అడగాలి. మరునాడు పొద్దున డ్యూటీ ఎక్కగానే, అల్ సువైక్ నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు బెల్టు కట్టే ముందు, వచ్చీరాని అరబిక్‌లో ఏం పని చేసేవారని అడిగాను. ఖర్జూరపు తోట అన్నాడు. చెట్టు ఎక్కేటప్పుడు ముందు ఏ కాలు వేసేవారని అడిగాను. ఆయన దుప్పటి తీసి ఆ కాలు చూపించాడు.