ఇస్త్రీ పెట్టిన పది డాలర్లు

మిన్నెసోటాలోని హాల్వర్ ఊళ్లో ముప్ఫై నాలుగేళ్లు స్కూలు బస్సు నడిపిన ఎల్వుడ్ ట్రాన్బీకి తాతల ఆస్తిగా మిగిలింది ఒక్క పది డాలర్ల నోటు. ఒకప్పుడు ఊరూరి బ్యాంకులూ తమ పేరుతోనే నోట్లు ఇచ్చేవి. దీని మీద హాల్వర్ బ్యాంకు పేరుంది, కింద క్యాషియరుగా వాళ్ల తాత కలంతో పెట్టిన సంతకం ఉంది. ఆ బ్యాంకు ఎప్పుడో మూతపడింది, నోట్లు దాదాపు అన్నీ మాయమయ్యాయి. గిరాకీ అందుకే.

అది అమ్మి భార్య వెర్నా రెండు చెవులకీ మిషన్లు కొనాలని ఎల్వుడ్ ఆశ. రెండేళ్లుగా ఆమెకు ఏదైనా అరిచి చెప్పాలి. అరవడం చేతకాని మనిషి కావడంతో గొణగడం అలవాటు చేసుకున్నాడు.

పాత నోట్లు కొనేవాళ్ల సంత శనివారం. ముందురోజు పొద్దున బైబిల్లోంచి నోటు తీసిన వెర్నాకి దాని ముడతలు చూస్తే ప్రాణం ఒప్పలేదు. చర్చి విందుల బల్లగుడ్డలన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్తాయి మరి. గంజినీళ్లు చిలకరించి, శ్రద్ధగా ఇస్త్రీ పెట్టింది.

"మీ తాత సంతకం! నలిగిపోయి వెళ్తే మనకే నామర్దా" అంది. ఎల్వుడ్ కూడా మురిసిపోయాడు.

సంతలో వ్యాపారి ఓడెల్ నోటును దీపానికి ఎత్తిపట్టి నిట్టూర్చాడు.

"ఇస్త్రీ పెట్టిందెవరు పెద్దాయనా?"

"నేనే" అన్నాడు ఎల్వుడ్, భార్య పేరు బయటపెట్టకుండా.

"ముడతలతో తెచ్చుంటే నాలుగువేలు ఇచ్చేవాణ్ణి. గంజి పెట్టి కాగితం ప్రాణం తీశావు. అయినా ఈ బ్యాంకు నోటు చూడటం నాకిది రెండోసారే. రెండువేలు తీసుకో."

రెండువేలకి ఒక్క చెవి మిషనే వచ్చింది. కారణం వెర్నాకి చెప్పలేదు.

కుడిచెవికి మిషన్ పెట్టించిన సాయంత్రం, భోజనాల దగ్గర, ఆమెకు ఎడంపక్క తన పాత కుర్చీలో కూర్చుని అలవాటుగా గొణిగాడు. "గంజి లేకపోతే రెండు చెవులూ వచ్చుండేవి."

వెర్నా చేతిలో ఫోర్కు ఆగింది. "ఏంటీ? నా గంజి వల్లా?"

"వినబడిందా నీకు?"

"వినబడింది. రెండేళ్లుగా నా మీద ఇలాగే సణుగుతున్నావా ముసలోడా?" అంటూనే ఆమె కళ్లు నిండాయి. "నా రెండో చెవి నేనే పోగొట్టుకున్నానన్నమాట."

ఎల్వుడ్ కంచం పట్టుకుని లేచి, నలభై ఏళ్ల చోటు వదిలి, మిషన్ ఉన్న కుడిపక్కకి వచ్చి కూర్చున్నాడు.

"థాంక్స్ వెర్నా."

"దేనికీ?"

"విన్నందుకు" అన్నాడు, అరవకుండా.