పుర్రెబొమ్మ క్యాసెట్టు

మా చిన్నప్పుడు మార్కాపురంలో మా ఇంటి టైంటేబులు గోడకు వేలాడే పలక మీద ఉండేది... మూల విరిగిన పలకలకు మాకు కొదవ లేదు. ఇంటి వెనకే పలకల షెడ్డు. నాయన అందులో కోత మిషను మీద పనిచేసేవాడు.

ఇంట్లో ఉన్నది ఒక్క టేపురికార్డరు. పొద్దున అమ్మకు భక్తి పాటలు, మధ్యాహ్నం నాకు, సాయంత్రం అరగంట అన్నకు... అని నేనే ఆ పలక మీద రాసి పెట్టాను. ఎవరూ గొడవ పడకూడదని నా ఏర్పాటు.

దాన్ని మా అన్న ఒక్క క్యాసెట్టుతో పాడు చేశాడు.

కర్నూలు హాస్టల్లో చదివే అన్న సెలవులకు వస్తూ దాన్ని స్నేహితుడి దగ్గర్నుంచి తెచ్చుకున్నాడు. అట్ట మీద పుర్రె, మంటలు... ఇంగ్లీషు పాటలు. థ్రాష్ మెటల్ అంటారట. ఆ క్యాసెట్టు వచ్చి కొన్నేళ్లయినా దాన్ని మించింది ఇంకా రాలేదట. నాకు మాత్రం రేకుల కప్పు మీద ఎవరో ఆగకుండా కంకర పోస్తున్నట్టు ఉండేది.

"దేవుడి పటాల పక్కన ఈ పుర్రె ఏందిరా?" అని అమ్మ రోజూ సణిగేది. చివరికి నేనే దానికి నోటు పుస్తకానికి వేసినట్టు ఖాకీ అట్ట వేసి, పైన 'అన్న - గోల' అని చీటీ అంటించాను.

అన్న అది చూసి, "రెండో వైపు కూడా రాయి పాపా. అది ఇంకా పెద్ద గోల" అన్నాడు.

"ఇందులో వినడానికి ఏముందన్నా?" అని విసుక్కున్నాను ఒకసారి.

"అంత వేగంగా వాయిస్తా పోయి, అందరూ ఒక్క దెబ్బకు ఆగుతారు చూడు. ఒక్కడు కూడా జారడు. హాస్టల్లో దిగులు పుట్టినప్పుడు ఇది పెడితే, నా దిగులు కంటే ఇదే పెద్దగా ఉంటది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు. స్కూలు వార్షికోత్సవంలో పాడడానికి టీచరు నన్ను ఎంచుకున్నారు. నాయన మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని పాట మొత్తం పాడేదాన్ని. అయిపోగానే "బాగుందమ్మా" అనేవాడు. ఆ మాట కోసమే నెల రోజులు పాడాను...

ఆ రోజు కరెంటు పోయింది. షెడ్డులో మిషను ఆగింది. నాయన అన్నం తింటున్నాడు. నేను రెండో చరణంలో ఉన్నాను. అంతలో అన్న వెనక వసారాలో బ్యాటరీలు వేసి ఆ క్యాసెట్టు పెట్టాడు. పలక ప్రకారం అది నా సమయం.

నాయన చటుక్కున తలెత్తాడు. ముద్ద వదిలేసి, ఎంగిలి చేత్తోనే షెడ్డు వైపు పరిగెత్తాడు.

"మిషను ఎవడు వేసినాడు? ఓబులేసు బ్లేడు కింద దుమ్ము తీస్తా ఉన్నాడు."

తను లేకుండా మిషను ఎవరూ వెయ్యకూడదని నాయన నియమం. నేనూ వెంటే పరిగెత్తాను. మిషను కదలడం లేదు. షెడ్డులో నాయన కింద పనిచేసే ఓబులేసు బ్లేడు కింద నుంచి తల బయటపెట్టి, "కరెంటే లేదు గదా మామా. ఏంది అట్ల వచ్చినావు?" అన్నాడు.

నాయన చప్పుడు వస్తున్న వైపు, వసారాలోకి నడిచాడు. ఈ రోజుతో ఆ క్యాసెట్టు పని అయిపోయిందని నాకు లోపల సంతోషం. అన్న గబుక్కున ఆపేశాడు.

"మళ్ళీ పెట్టు" అన్నాడు నాయన. కింద కూర్చుని, ఎడమ చెయ్యి టేపురికార్డరు మీద ఆనించాడు. పాటలో ఒకచోట వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

"అందరూ ఒక్కసారే ఆపినారే. మా షెడ్డులో ఇట్ల ఆపేవాడు ఒక్కడు లేడు."

"నీకు ఇది నచ్చిందా నాయనా?" అన్నాను, ఒళ్ళు మండి.

"వినపడతా ఉంది గదమ్మా..."

"మరి నా పాట?"

నాయన ఎండిపోతున్న ఎంగిలి చేతిని చూసుకున్నాడు. "నీ నోరు చూస్తా ఉంటా. ఆగినాక బాగుందంటా."

ఇన్నేళ్లు మిషను పక్కన నిలబడితే చెవులు ఏం మిగులుతాయని అమ్మ అన్నది. అమ్మకు ముందే తెలుసు. నాకు మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు...

వార్షికోత్సవం రోజు మైకు దగ్గరికి జరిగి గొంతు చించుకుని పాడాను. తగ్గించమని టీచరు పక్క నుంచి సైగ చేస్తూనే ఉన్నారు. నేను తగ్గించలేదు. బహుమతి ఇంకో అమ్మాయికి పోయింది. "నా క్యాసెట్టులో వాళ్ళు నీ ముందు ఎంత పాపా" అని అన్న ఏడిపించాడు.

ముందు వరసలో నాయన మాత్రం ఆ రోజు నా నోరు చూడలేదు. తల వంచుకుని విన్నాడు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. ఖాకీ అట్టతో క్యాసెట్టు నా బీరువాలో ఉంది, వేయడానికి టేపురికార్డరు లేదు. మొన్న మా అమ్మాయి ఆ పాటలనే ఫోనులో క్షణంలో తీసి, ఒక ఇయర్‌బడ్ నా చెవిలో పెట్టింది. అదే గోల, అదే తలనొప్పి. అయినా అందరూ ఆగే ఆ చోటు వచ్చేదాకా తియ్యలేదు...

తర్వాత తన ఇయర్‌బడ్ తీసుకుని గదిలోకి పోయింది. ఇంట్లో నలుగురం, ఎవరి చెవుల్లో వాళ్ళ పాట. పలక మీద టైంటేబులు అక్కరలేదు, గొడవా లేదు. ఎవరికి ఏం వినపడుతుందో, ఏం వినపడటం లేదో తెలిసే దారి కూడా లేదు.

మీ ఇళ్ళలో ఎవరి గోలను తిట్టుకుంటూ విన్నారో కింద రాయండి... ఒక్కటీ వదలకుండా చదువుతాను.